మూడు దారుల జోన్ వాల్వు

మూడు దారుల జోన్ వాల్వు అనేది వేడినీటి ద్వారా భవనాలను వెచ్చగా ఉంచే వ్యవస్థలలో వాడే ఒక రకమైన కవాటం. ఒక గదికి గానీ, కొన్ని గదుల సముదాయానికి గానీ వేడి అవసరమైనప్పుడు ఇది నీటిని ఆ వైపు పంపుతుంది. అవసరం లేనప్పుడు అదే నీటిని పక్కదారి పట్టించి తిరుగు గొట్టంలోకి వదులుతుంది. ఒకే ఉష్ణోగ్రత నియంత్రణ క్రింద ఉండే గదుల సముదాయాన్ని జోన్ అంటారు. పంపు ఆగకుండా తిరుగుతూ, ప్రధాన గొట్టాలలో నీరు చలికాలమంతా ప్రవహిస్తూనే ఉండే నిరంతర ప్రసరణ వ్యవస్థలలో ఈ వాల్వు ఎక్కువగా కనిపిస్తుంది. వాల్వు ఏ వైపుకు తిరిగి ఉన్నా మొత్తం ప్రవాహం దాదాపు మారకపోవడం దీని ముఖ్య లక్షణం.

చీరాల, బాపట్ల, ఒంగోలు వంటి కోస్తా పట్టణాలలో ఇల్లు వెచ్చబరచుకోవలసిన అవసరమే రాదు. అక్కడ జనవరి రాత్రులలో కూడా ఉష్ణోగ్రత సాధారణంగా 15 డిగ్రీల సెల్సియస్‌కు దిగువకు పోదు. కావున ఈ పరికరం తెలుగునాట ఇళ్ళలో కనిపించదు. అయితే ఇదే సూత్రం చల్లని నీటితో పనిచేసే పెద్ద ఎయిర్ కండిషనింగ్ వ్యవస్థలలో తలక్రిందులుగా వర్తిస్తుంది. అమెరికా ఈశాన్య రాష్ట్రాలలోను, కెనడాలోను, బ్రిటన్‌లోను స్థిరపడిన తెలుగువారికి ఇంటి నేలమాళిగలోనో, మెట్ల క్రింది అరలోనో ఇటువంటి వాల్వులు ఎదురుపడుతుంటాయి.

వేడినీటి తాపన వ్యవస్థ

ఈ వ్యవస్థలో నాలుగు ముఖ్య భాగాలు ఉంటాయి. నీటిని వేడి చేసే బాయిలరు, నీటిని తిప్పే పంపు, నీటిని మోసే గొట్టాలు, గదిలో వేడిని వదిలే రేడియేటరు. రేడియేటరుకు బదులు నేలలో పరచిన గొట్టాల చుట్ట కూడా ఉండవచ్చు. నీరు ఇక్కడ ఖర్చు కాదు. అదే నీరు ఏళ్ళ తరబడి తిరుగుతూ బాయిలరు వద్ద వేడిని ఎక్కించుకొని గది వద్ద దించుతుంది.

నీరు మోసే వేడిని లెక్కగట్టడం సులభం. ఒక కిలోగ్రాము నీటి ఉష్ణోగ్రతను ఒక డిగ్రీ పెంచడానికి సుమారు 4.19 కిలోజౌళ్ళ శక్తి కావాలి. ఒక జోన్ గుండా సెకనుకు 0.2 కిలోగ్రాముల నీరు, అంటే గంటకు 720 లీటర్లు ప్రవహిస్తున్నదనుకొందాం. ఆ నీరు 70 డిగ్రీల వద్ద లోనికి వెళ్ళి 60 డిగ్రీల వద్ద బయటకు వస్తే, గదికి చేరే వేడి 0.2 × 4.19 × 10, అనగా సుమారు 8.4 కిలోవాట్లు. ఈ మొత్తాన్ని తగ్గించాలంటే రెండే మార్గాలు ఉన్నవి. నీటి ప్రవాహాన్ని తగ్గించవచ్చు, లేదా నీటి ఉష్ణోగ్రతను తగ్గించవచ్చు. జోన్ వాల్వు మొదటి పని చేస్తుంది. రెండవ పనిని నిరంతర ప్రసరణ వ్యవస్థలలో బాయిలరు నియంత్రణ చూసుకుంటుంది. బయట చలి పెరిగే కొద్దీ సరఫరా నీటిని మరింత వేడిగాను, చలి తగ్గే కొద్దీ గోరువెచ్చగాను పంపే ఏర్పాటు దానిలో ఉంటుంది.

పంపును ఆపకుండా తిప్పడం వలన కొన్ని లాభాలు కలవు. గది ఉష్ణోగ్రత ఒక్కసారిగా ఎక్కి దిగకుండా నిలకడగా ఉంటుంది. ఆగి ఆగి వేడెక్కే వ్యవస్థలలో లోహపు గొట్టాలు వ్యాకోచించి, సంకోచించి టకటకమని చప్పుడు చేస్తాయి. నీరు సదా కదులుతూ ఉంటే ఆ చప్పుడు చాలావరకు తగ్గుతుంది. సిమెంటు నేలలో గొట్టాలు పరచిన ఇళ్ళలో నేల వేడెక్కడానికి గంటలు పడుతుంది కనుక పంపును మాటిమాటికీ ఆపి తిప్పడం వలన ప్రయోజనం తక్కువ. అటువంటి ఇళ్ళకు ఈ పద్ధతి బాగా నప్పుతుంది.

కాలువతో పోలిక

మూడు దారుల వాల్వు ఎందుకు అవసరమో తెలుసుకోవడానికి డెల్టా కాలువను ఉదాహరణగా తీసుకోవచ్చు. చీరాల ప్రాంతపు మాగాణికి కృష్ణా పశ్చిమ డెల్టాలోని కొమ్మమూరు కాలువ ద్వారా నీరు వస్తుంది. విజయవాడ వద్ద 1855లో పూర్తయిన ఆనకట్ట, దాని స్థానంలో 1957లో వచ్చిన ప్రకాశం బ్యారేజీ ఈ కాలువకు ఆధారం. కాలువ చివరి భూములు కావడం వలన ఎగువన ఏమి జరిగినా దాని ఫలితం ఇక్కడ తెలుస్తుంది. ఎగువ రైతు తన తూమును మూసుకుంటే దిగువకు నష్టం లేదు. కాని తనకు నీరు చాలునని కాలువకే అడ్డుకట్ట వేస్తే దిగువ పొలాలన్నీ ఎండిపోతాయి.

రేడియేటర్లన్నీ ఒకే గొట్టం మీద వరుసగా ఉన్న వ్యవస్థలో సరిగ్గా ఇదే సమస్య. అందులో ఒక గదికి వేడి చాలునని మామూలు వాల్వును మూస్తే, అది కాలువకు అడ్డుకట్ట వేసినట్టే. తరువాతి గదులన్నిటికీ నీరు ఆగిపోతుంది. మూడు దారుల వాల్వు ఉంటే నీరు ఆ రేడియేటరును తప్పించుకొని పక్క గొట్టం గుండా ముందుకు సాగుతుంది. పోలిక ఇంతవరకే. పొలం నీటిని తాగేస్తుంది, రేడియేటరు వేడిని మాత్రమే తీసుకొని నీటిని తిరిగి ఇచ్చేస్తుంది. అయినా చివరి రైతు బాధ ఇక్కడా కొంత ఉంటుంది. వరుసలో మొదటి రేడియేటరుకు 70 డిగ్రీల నీరు అందితే, చివరిదానికి అది చల్లారి 55 డిగ్రీలకు చేరవచ్చు. అందుకే చివరి గదులలో పెద్ద రేడియేటర్లు పెడతారు. ఎగువ గదులు పక్కదారి పట్టినప్పుడు చివరి గదికి అనుకున్నదానికంటే వేడి నీరు అందుతుందన్న సంగతి కూడా గమనించదగినది. అప్పుడు ఆ గది త్వరగా వేడెక్కి, దాని వాల్వు కూడా పక్కదారికి మళ్ళుతుంది.

నిర్మాణం

వాల్వుకు మూడు ద్వారాలు ఉంటాయి. ఐరోపా కంపెనీలు వీటికి ఏ, బి, ఏబి అని గుర్తులు వేస్తాయి. ఏబి ఉమ్మడి ద్వారం. ఏ రేడియేటరు వైపు దారి, బి పక్కదారి. లోపల ఒక బిరడా గానీ, బంతి గానీ, తెడ్డు వంటి రేకు గానీ కదిలి ఒక దారిని తెరచి మరొకదానిని మూస్తుంది. దీనిని కదిలించే భాగం వాల్వు మీద పెట్టె వలె కూర్చుంటుంది. ఉత్తర అమెరికాలో ఇది సాధారణంగా 24 వోల్టుల చిన్న మోటారు. మరికొన్నిటిలో మైనం నిండిన గుళిక ఉంటుంది. విద్యుత్తు తగలగానే మైనం కరిగి వ్యాకోచించి కడ్డీని నెడుతుంది. ఇది చప్పుడు చేయదు, కాని తెరచుకోవడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. గోడ మీది థర్మోస్టాట్ విద్యుత్తును ఇచ్చి, ఆపి వాల్వును నడిపిస్తుంది. హనీవెల్ సంస్థ వాల్వులలో వి8043 శ్రేణి రెండు దారులది కాగా వి8044 శ్రేణి మూడు దారులది. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. క్రింది వైపు అదనపు ద్వారం ఉందా లేదా అని చూసి గుర్తుపట్టాలి.

మూడు దారుల వాల్వులలో రెండు జాతులు కలవు. ఒక దారిలో వచ్చిన నీటిని రెండు దారులలో ఏదో ఒకదానికి పంపేది మళ్ళింపు వాల్వు. రెండు దారుల నుండి వచ్చిన నీటిని ఒక దారిలో కలిపి పంపేది మిశ్రమ వాల్వు. మళ్ళింపు వాల్వును రేడియేటరుకు ముందు, సరఫరా గొట్టం మీద అమరుస్తారు. మిశ్రమ వాల్వును రేడియేటరు తరువాత, తిరుగు గొట్టం మీద అమర్చి, సరఫరా నుండి ఒక పక్క గొట్టాన్ని దానికి కలుపుతారు. ఆశ్చర్యమేమంటే రెండు సందర్భాలలోనూ రేడియేటరుకు జరిగేది ఒక్కటే, దాని గుండా వెళ్ళే నీరు పెరుగుతుంది లేదా తగ్గుతుంది. తేడా వాల్వు లోపలి నిర్మాణంలో ఉన్నది. బిరడా ఉండే మిశ్రమ వాల్వులో నీటి తాకిడి బిరడాను దాని పీఠం నుండి దూరంగా నెడుతుంది కనుక కదలిక మెత్తగా ఉంటుంది. అదే వాల్వును తిప్పి మళ్ళింపుకు వాడితే, బిరడా పీఠానికి దగ్గరైనప్పుడు ప్రవాహం దానిని లాగి ఒక్కసారిగా కొట్టేస్తుంది. గొట్టాలు దడదడమని మోగుతాయి, వాల్వు త్వరగా అరిగిపోతుంది. బంతి వాల్వులకు ఈ ఇబ్బంది లేదు. గొట్టాలు బిగించే ముందు వాల్వు మీది బాణం గుర్తును చూడవలసినది ఇందుకే.

రెండు దారుల వాల్వుతో భేదం

రెండు దారుల వాల్వు కేవలం తెరచుకుంటుంది, మూసుకుంటుంది. ఒక పంపు మీద నాలుగు జోన్లు ఉండి అన్నీ రెండు దారుల వాల్వులే అయితే, నాలుగూ మూసుకున్నప్పుడు నీరు పోవడానికి దారి ఉండదు. ఒకే వేగంతో తిరిగే పంపు అప్పుడు ఉన్నచోటనే నీటిని చిలుకుతూ వేడెక్కుతుంది. మూడు మూసుకొని ఒకటి మాత్రమే తెరచి ఉంటే పంపు ఒత్తిడి అంతా ఆ ఒక్క గొట్టం మీద పడి నీరు ఈలవేసినట్టు శబ్దం చేస్తుంది. దీనిని నివారించడానికి ఆ వ్యవస్థలలో పంపును ఆపే స్విచ్చును వాల్వులోనే అమరుస్తారు, లేదా ఒత్తిడి పెరిగినప్పుడు తెరచుకునే మరొక వాల్వును పెడతారు. మూడు దారుల వాల్వులతో ఈ చిక్కులేవీ ఉండవు. పంపు ఎప్పుడూ ఒకే భారం మీద నడుస్తుంది. వాల్వుకు, పంపుకు మధ్య తీగలు లాగవలసిన పని కూడా ఉండదు.

పక్కదారిలో సమతుల్యత

మూడు దారుల వాల్వు పెట్టినంత మాత్రాన ప్రవాహం దానంతట అది స్థిరంగా ఉండదు. ఎక్కువ ఇబ్బందులు వచ్చేది ఇక్కడే. రేడియేటరు గుండా వెళ్ళే దారిలో వంపులు, సన్నని గొట్టాలు ఉంటాయి, నీటికి నిరోధం ఎక్కువ. పక్కదారి ఒక జానెడు గొట్టం, నిరోధం దాదాపు లేనట్టే. నీరు ఎప్పుడూ సులువైన దారినే వెతుక్కుంటుంది.

గొట్టంలో పీడన నష్టం ప్రవాహం యొక్క వర్గానికి అనులోమంగా మారుతుంది. గంటకు 720 లీటర్ల వద్ద రేడియేటరు దారిలో ఒక మీటరు నీటి ఎత్తుకు సమానమైన పీడనం ఖర్చవుతుందనుకొందాం. అదే ప్రవాహానికి పక్కదారిలో పదోవంతే ఖర్చవుతుందనుకొందాం. వాల్వు పక్కదారికి మళ్ళినప్పుడు అదే ఒక మీటరు పీడనం పక్కదారి మీద పడితే, దాని గుండా వెళ్ళే నీరు 10 యొక్క వర్గమూలం రెట్లు, అంటే మూడు రెట్లకు పైగా పెరుగుతుంది. వేడి అక్కరలేని గది ఇలా మూడు గదుల నీటిని పట్టుకుపోతే, వేడి కావలసిన గదులకు నీరు చాలదు. ఇంట్లో ఒక జోన్ తృప్తి చెందగానే మరొక జోన్ చల్లబడటం మొదలైతే మొదట అనుమానించవలసినది ఈ లోపాన్నే. బాయిలరును మార్చినా, పంపును పెద్దది చేసినా ఇది పోదు.

దీనికి పరిష్కారం చవకైనదే. పక్కదారి గొట్టంలో చేతితో తిప్పే ఒక వాల్వును అమర్చి, దాని నిరోధం రేడియేటరు దారి నిరోధంతో సరిపోయేంతవరకు బిగిస్తారు. ఒకసారి సరిచేసిన తరువాత దానిని మళ్ళీ తాకనక్కరలేదు. ఖర్చు తగ్గించుకోవడానికి దీనిని వదిలివేయడం సరైన పొదుపు కాదు.

వాల్వు నెమ్మదిగా, మధ్య స్థితులలో కూడా నిలిచేది అయితే మరొక విశేషం ఉన్నది. రెండు దారులూ సగం సగం తెరచుకున్నప్పుడు మొత్తం ప్రవాహం నిర్ణీత ప్రవాహం కంటే కొంత ఎక్కువగా ఉంటుంది. నీరు సగమైతే రేడియేటరులో పీడన నష్టం నాలుగో వంతుకు పడిపోతుంది, కాబట్టి నీరు సగం వద్ద ఆగక ఇంకొంచెం పెరుగుతుంది. వాల్వు స్వంత నిరోధం రేడియేటరు నిరోధంతో పోల్చదగినంతగా ఉంటే ఈ హెచ్చుదల స్వల్పం. అతి పెద్ద వాల్వును ఎంచుకుంటే ఎక్కువ. గొట్టం కొలతను బట్టి వాల్వును కొనడం ఈ కారణంగా మంచిది కాదు, ప్రవాహాన్ని బట్టి ఎంచుకోవాలి.

గడ్డకట్టే ప్రమాదం

నిరంతర ప్రసరణ వలన గొట్టాలు గడ్డకట్టవన్నది చాలామందిలో ఉన్న అభిప్రాయం. ఇది సగమే నిజం. కదిలే వెచ్చని నీరు గడ్డకట్టదు. కాని పంపు తిరుగుతున్నంత మాత్రాన ఇంట్లోని నీరంతా కదులుతున్నట్టు కాదు. జోన్ వాల్వు పక్కదారికి మళ్ళినప్పుడు ప్రధాన గొట్టంలో నీరు పరుగెడుతూనే ఉంటుంది. ఆ జోన్ లోపలి నీరు మాత్రం కదలకుండా నిలిచి ఉంటుంది. ఆ గొట్టం బయటి గోడలోనో, వేడి లేని గ్యారేజి పైకప్పులోనో వెళ్తుంటే, బయట సున్నాకు దిగువన 20 డిగ్రీలు ఉన్న రాత్రి అది గడ్డకట్టవచ్చు. గది థర్మోస్టాట్ లోపలి గోడ మీద ఉండి గది వెచ్చగానే ఉన్నదని చెబుతూ ఉంటుంది. ఎండ తగిలే గదిలోనూ, పొయ్యి దగ్గర ఉన్న గదిలోనూ ఈ మోసం ఎక్కువ.

నీరు మంచుగా మారేటప్పుడు దాని ఘనపరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది. రాగి గొట్టం దానిని తట్టుకోలేక చీలుతుంది. చీలిక వెంటనే బయటపడదు. మంచు కరిగిన తరువాత, తరచుగా ఇంట్లో ఎవరూ లేనప్పుడు, నీరు కారడం మొదలవుతుంది. చలికాలంలో నాలుగు వారాలు ఇల్లు తాళం వేసి స్వదేశానికి వచ్చే కుటుంబాలు ఈ విషయాన్ని ముఖ్యంగా తెలుసుకోవాలి. థర్మోస్టాట్‌ను పూర్తిగా ఆపివేయకుండా కనీసం 10 నుండి 13 డిగ్రీల మధ్య ఉంచి వెళ్ళడం, కుళాయిల నీటి ప్రధాన వాల్వును కట్టివేయడం, ఇరుగుపొరుగులో ఒకరికి తాళం ఇచ్చి చూస్తుండమనడం వాడుకలో ఉన్న జాగ్రత్తలు. బయటి గోడల వెంట వెళ్ళే జోన్లలో వాల్వు పూర్తిగా మూసుకోకుండా కొద్దిగా నీరు పారేటట్లు ఏర్పాటు చేయడం కూడా కలదు.

తాపన వ్యవస్థ నీటిలో ప్రొపిలీన్ గ్లైకాల్‌ను కలపడం మరొక పద్ధతి. 30 శాతం గ్లైకాల్ ఉన్న మిశ్రమం సున్నాకు దిగువన సుమారు 13 డిగ్రీల వరకు గడ్డకట్టడం ప్రారంభించదు. అయితే ఆ ద్రవం నీటికంటే చిక్కనిది, తక్కువ వేడిని మోస్తుంది. కాబట్టి పంపు, రేడియేటరు లెక్కలు మళ్ళీ వేసుకోవాలి. కార్లలో వాడే ఇథిలీన్ గ్లైకాల్ విషపదార్థం కనుక దానిని ఇళ్ళలో వాడకూడదు.

విద్యుత్తు పోయినప్పుడు వాల్వు ఏ వైపు నిలుస్తుందన్నది కూడా చూడవలసిన విషయం. స్ప్రింగు ఉన్న వాల్వు తనంతట తాను ఒక వైపుకు తిరిగిపోతుంది. అతిశీతల ప్రాంతాలలో అది రేడియేటరు వైపుకు తిరిగేదిగా ఉండటం క్షేమం. ఊరంతా కరెంటు పోతే పంపు కూడా ఆగిపోతుంది కనుక అప్పుడు ఇది పెద్దగా అక్కరకు రాదు. వాల్వుకు 24 వోల్టులను ఇచ్చే చిన్న ట్రాన్స్‌ఫార్మరు మాత్రమే కాలిపోయినప్పుడు ఇల్లు కాపాడేది ఈ స్ప్రింగే.

బాయిలరుపై ప్రభావం

పక్కదారి పట్టిన నీరు వేడిని ఎక్కడా దించకుండా తిరిగి వస్తుంది. పై ఉదాహరణలో రెండు సమానమైన జోన్లు ఉండి ఒకటి పక్కదారిలో ఉంటే, ఒక జోన్ నుండి 60 డిగ్రీల నీరు, మరొకదాని నుండి 70 డిగ్రీల నీరు వచ్చి కలుస్తాయి. బాయిలరుకు తిరిగి చేరేది 65 డిగ్రీల నీరు. పాత ఇనుప బాయిలర్లకు ఇది మేలే చేసింది. సహజవాయువు మండినప్పుడు వచ్చే పొగలోని నీటియావిరి సుమారు 55 డిగ్రీల వద్ద చెమరుస్తుంది. అంతకంటే చల్లని నీరు తిరిగివస్తే బాయిలరు లోపలి గోడల మీద ఆమ్లగుణం గల తడి చేరి ఇనుమును తినివేస్తుంది. తిరుగు నీరు వేడిగా ఉండటం వలన ఆ బాయిలర్లు ఎక్కువ కాలం మన్నాయి.

ఇప్పటి కండెన్సింగ్ బాయిలర్ల విషయంలో పరిస్థితి తారుమారైనది. అవి తుప్పు పట్టని లోహంతో తయారై, పొగలోని ఆవిరిని కావాలనే నీరుగా మార్చి దాని గుప్తోష్ణాన్ని కూడా రాబట్టుకుంటాయి. సహజవాయువులో ఈ భాగం సుమారు పదోవంతు. తిరుగు నీరు చల్లగా ఉంటేనే ఇది సాధ్యం. మూడు దారుల వాల్వులు వేడినీటిని నేరుగా తిరిగి పంపి ఈ లాభాన్ని చెడగొడతాయి. ఖరీదైన కండెన్సింగ్ బాయిలరును తెచ్చి పాత మూడు దారుల వాల్వుల వ్యవస్థకు తగిలిస్తే, అది కొన్న ప్రయోజనం చాలావరకు నెరవేరదు. నీటి ఉష్ణోగ్రతను వాతావరణాన్ని బట్టి తగ్గించే నియంత్రణ ఉంటే మాత్రం నష్టం కొంత తగ్గుతుంది.

చరిత్ర

19వ శతాబ్దపు వేడినీటి వ్యవస్థలలో పంపు ఉండేది కాదు. వేడి నీరు తేలికై పైకి లేవడం, చల్లారిన నీరు బరువై దిగడం వలననే ప్రసరణ జరిగేది. అందుకే గొట్టాలు చాలా లావుగా ఉండేవి. ఇంగ్లాండులో ఆంజియర్ మార్చ్ పెర్కిన్స్ 1831లో సన్నని గొట్టాలతో, అధిక పీడనంతో పనిచేసే వ్యవస్థకు పేటెంటు పొందాడు. అమెరికాలో విస్కాన్సిన్‌కు చెందిన అధ్యాపకుడు వారెన్ జాన్సన్ 1883లో విద్యుత్ థర్మోస్టాట్‌కు పేటెంటు పొందాడు. పాఠశాల నౌకరు వేడి చూడటానికి తరగతి గదిలోకి మాటిమాటికీ రావడం ఆయనకు ఈ ఆలోచన కలిగించిందని చెబుతారు. గదికి ఒక నియంత్రణ అనే భావన అక్కడి నుండే బలపడింది.

20వ శతాబ్దం రెండవ పాదంలో విద్యుత్ పంపులు ఇళ్ళలోకి రావడంతో సన్నని గొట్టాలు, అనేక జోన్లు సాధ్యమైనవి. వాస్తుశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్ 1937లో మాడిసన్ నగరంలో కట్టిన జేకబ్స్ ఇంటిలో నేల క్రింది గొట్టాలతో వేడి కల్పించాడు. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత న్యూయార్క్ సమీపంలోని లెవిట్‌టౌన్‌లో వేలాది ఇళ్ళను 1947 నుండి ఇదే తరహాలో, సిమెంటు నేలలో రాగి గొట్టాలు పరచి నిర్మించారు. బెల్ అండ్ గాసెట్ సంస్థ ఇంజనీరు గిల్ కార్ల్‌సన్ 1954లో ప్రధాన వలయం, ఉప వలయం అనే రెండు పంపుల పద్ధతిని రూపొందించాడు. ప్రధాన వలయంలో నీరు స్థిరంగా తిరుగుతుంటే, ప్రతి ఉప వలయం తన పంపుతో కావలసినంత నీటిని తోడుకుంటుంది. మూడు దారుల వాల్వు చేసే పనికి ఇది మరొక జవాబు.

బ్రిటన్ ఇళ్ళలో వై-ప్లాన్ అనే పద్ధతి ప్రసిద్ధం. అందులో ఒకే ఒక మూడు దారుల వాల్వు స్నానపు నీటి తొట్టికి, రేడియేటర్లకు మధ్య నీటిని పంచుతుంది. మధ్య స్థితిలో రెండింటికీ ఇస్తుంది. అయితే అది నిరంతర ప్రసరణ కాదు. రెండింటికీ అవసరం తీరగానే పంపు, బాయిలరు ఆగిపోతాయి. పేరులో పోలిక చూసి ఈ రెండు ఏర్పాట్లను ఒకటిగా భావించరాదు.

ఆంధ్ర ప్రాంతంలో

చీరాల పరిసరాలలో వేడిని గంటల లెక్కన, డిగ్రీల లెక్కన అదుపు చేసే పని పొగాకు బ్యారన్లలో జరుగుతూ వచ్చింది. 1970 వరకు గుంటూరు జిల్లాలోను, తరువాత ప్రకాశం జిల్లాలోను ఉండి 2022 నుండి బాపట్ల జిల్లాలో భాగమైన ఈ పట్టణం, 20వ శతాబ్దంలో ఐ.ఎల్.టి.డి. కంపెనీ వర్జీనియా పొగాకు కేంద్రాలలో ఒకటి. బ్యారనులో కొలిమి నుండి వచ్చే వేడి పొగ రేకు గొట్టాల గుండా ప్రయాణించి గదిని వేడి చేస్తుంది. ఆకు పసుపురంగుకు తిరిగే దశలో 30ల డిగ్రీలలోను, ఆకు ఎండే దశలో 50 డిగ్రీల ప్రాంతంలోను, ఈనె ఎండే దశలో 70 డిగ్రీల ప్రాంతంలోను వేడి ఉండాలి. ఇక్కడ వేడిని పక్కదారి పట్టించే వాల్వు లేదు. కొలిమిలో కట్టె తగ్గించాలి, లేదా గాలి కిటికీలు తెరవాలి. రాత్రి ఒక గంట కునుకు తీస్తే ఆకు మాడి రైతు ఏడాది కష్టం పోతుంది. వేడి మూలాన్ని కదిలించకుండా వేడిని మాత్రం మళ్ళించడం ఎంత సదుపాయమో ఈ పోలిక వలన తెలుస్తుంది.

మూడు దారుల వాల్వు తెలుగునాట నిజంగా పనిచేసేది పెద్ద ఆసుపత్రులు, హోటళ్ళు, కార్యాలయ భవనాలలోని శీతల నీటి వ్యవస్థలలో. అక్కడ చిల్లరు అనే యంత్రం నీటిని సుమారు 7 డిగ్రీలకు చల్లబరుస్తుంది. ఆ నీరు గాలి యంత్రాలలోని చుట్టల గుండా వెళ్ళి గది వేడిని తీసుకొని సుమారు 12 డిగ్రీల వద్ద తిరిగి వస్తుంది. పాత చిల్లర్లలో ప్రవాహం తగ్గితే లోపల నీరు గడ్డకట్టే ప్రమాదం ఉండేది. కావున ప్రవాహాన్ని స్థిరంగా ఉంచే మూడు దారుల వాల్వులను ప్రతి గాలి యంత్రం వద్ద అమర్చేవారు. బాయిలరు కథే ఇక్కడ అద్దంలో కనిపిస్తుంది. గదులు చల్లబడి వాల్వులు పక్కదారికి మళ్ళగానే 7 డిగ్రీల నీరు నేరుగా తిరిగివచ్చి 12 డిగ్రీల నీటితో కలుస్తుంది. తిరుగు నీరు 9 డిగ్రీలే ఉంటే చిల్లరు తన పూర్తి సామర్థ్యాన్ని వాడుకోలేదు, పంపు మాత్రం పూర్తి కరెంటును తాగుతూనే ఉంటుంది. గుంటూరు మిర్చి శీతల గిడ్డంగులలో సాధారణంగా అమ్మోనియానే నేరుగా చుట్టలలో తిప్పుతారు గనుక వాటిలో ఈ నీటి వాల్వుల ప్రసక్తి లేదు.

వాడుక తగ్గడం

నిరంతరం తిరిగే పంపుకయ్యే ఖర్చు చిన్నదిగా కనిపించినా ఏడాదికి కూడుతుంది. 80 వాట్ల పంపు 180 రోజుల చలికాలమంతా ఆగకుండా తిరిగితే సుమారు 346 యూనిట్ల విద్యుత్తు ఖర్చవుతుంది. పెద్ద భవనాల పంపులు దీనికి వందల రెట్లు. మరొక వైపు, పంపు వేగాన్ని మార్చగలిగితే ఆదా అసాధారణంగా ఉంటుంది. సిద్ధాంతరీత్యా పంపు శక్తి వేగం యొక్క ఘనానికి అనులోమంగా మారుతుంది. వేగం సగమైతే కావలసిన శక్తి ఎనిమిదో వంతు. మూడు దారుల వాల్వులున్న చోట ప్రవాహం తగ్గదు కనుక ఈ ఆదాకు అవకాశమే ఉండదు.

వేగం మార్చుకునే పంపులు చవకబడటంతో కొత్త నిర్మాణాలలో రెండు దారుల వాల్వులే ప్రధానమైనవి. ఐరోపా సమాఖ్య 2009లో చేసిన నిబంధన 2013 జనవరి నుండి అమలులోకి వచ్చి, తక్కువ సామర్థ్యం గల చిన్న పంపులను బజారు నుండి తొలగించింది. భారతదేశంలో 2007లో వెలువడిన ఇంధన పొదుపు భవన నియమావళి కూడా పెద్ద శీతల నీటి వ్యవస్థలలో ప్రవాహం అవసరాన్ని బట్టి మారాలని కోరుతుంది.

అయినప్పటికీ ఒకే గొట్టం మీద రేడియేటర్లు వరుసగా ఉన్న పాత ఇళ్ళలో వీటిని తీసివేసి రెండు దారుల వాల్వులను పెట్టడం కుదరదు. కారణం కాలువ ఉదాహరణలో చూసినదే. రెండు దారుల వాల్వుల వ్యవస్థలో కూడా వరుసలో చివరనున్న ఒకటి రెండు చోట్ల మూడు దారుల వాల్వును ఉంచుతారు. మిగిలినవన్నీ మూసుకున్నా పంపుకు కనీస ప్రవాహం దొరకడానికి, దూరపు గొట్టంలో నీరు చల్లారకుండా ఉండటానికి ఇది ఉపకరిస్తుంది.